అధ్యాయం 7: ఒక స్టేషన్ ముందే దిగండి

టోక్యో వచ్చిన ఎనిమిదో నెలలో ఒక శుక్రవారం సాయంత్రం. రైల్లో కునుకుతున్నవాణ్ణి, తలుపులు తెరుచుకున్న చప్పుడికి ఉలిక్కిపడి లేచి, బ్యాగు పట్టుకుని గబగబా దిగేశాను. రైలు కదిలిపోయాక గోడమీద పేరు చూస్తే అది మా నిషికసాయి కాదు. దానికి ఒక స్టేషన్ ముందుది, మినామి సునామాచి.

కాసేపట్లో ఇంకో రైలు వస్తుంది. ఎక్కితే అయిపోయేది. ఎందుకో ఆ రోజు ఎక్కబుద్ధి కాలేదు. ఫోన్లో చూస్తే అక్కణ్నుంచి మా స్టేషన్‌కి మూడు కిలోమీటర్లు కూడా లేదు. మధ్యలో వెడల్పాటి నీలం గీత, నది. రాజమండ్రిలో గోదావరి గట్టుమీద పెరిగినవాణ్ణి. నదిమీద వంతెన ఉందంటే కాళ్లు నా మాట వినవు.

మెట్లెక్కి పైకొచ్చి నడక మొదలుపెట్టాను. ఆ వంతెన పేరు కియొసునా ఒహాషి. దాని పక్కనే మా తోజాయి లైను రైళ్లకి వేరే వంతెన. కింద అరకావా నది. ఒడ్డున గడ్డిలో పిల్లలు బేస్‌బాల్ ఆట ముగించి బ్యాట్లు సర్దుకుంటున్నారు. ఒక పెద్దాయన పక్కన చిన్న బకెట్ పెట్టుకుని గాలం వేసి కూర్చున్నాడు. దూరంగా స్కైట్రీ టవరు దీపాలు అప్పుడే వెలిగాయి. గాలి మాత్రం చెంపలు కోసేస్తోంది. వంతెన మధ్యకి వచ్చేసరికి పక్కనుంచి ఒక రైలు దడదడమంటూ వెళ్లింది. కిటికీల్లో దీపాలు, వాటి కింద వంచిన తలలు. ఒక్కరూ బయటికి చూడటం లేదు. రోజూ ఆ పెట్టెలో తల వంచుకుని వెళ్లేది నేనే కదా అనిపించింది.

అక్కడే నిలబడి లెక్క వేసుకున్నాను. ఎనిమిది నెలలు, రోజుకి రెండుసార్లు. ఆ నదిని మూడు వందలసార్లకు పైనే దాటి ఉంటాను. దాని పేరు ఆ సాయంత్రమే తెలిసింది.

ఈ అధ్యాయం ఆ మూడు కిలోమీటర్ల నడకలోంచి పుట్టింది.

మూడు గుమ్మాల బతుకు

కిందటి అధ్యాయాల్లో ఇల్లు కుదుర్చుకోవడం, వార్డు ఆఫీసులో చిరునామా నమోదు చేయించుకోవడం, ఆరోగ్య బీమా వంటి పనులు చూశాం. అవన్నీ ఒక నెలలో తెమిలిపోతాయి. అసలు ఇబ్బంది ఆ తర్వాత మొదలవుతుంది. పనులన్నీ సక్రమంగా జరిగిపోతుంటాయి, మనసు మాత్రం ఇంకా ఎయిర్‌పోర్టులోనే పెట్టె పట్టుకుని నిలబడి ఉంటుంది.

మా పేటనే తీసుకోండి. 2000 సంవత్సరం రాగానే కంప్యూటర్లు తారీఖులు తప్పుతాయన్న గాభరాలో జపాన్ కంపెనీలు మన ఇంజనీర్లని పెద్ద ఎత్తున పిలిపించుకున్నాయి. వాళ్లలో చాలామంది నిహోంబాషి, ఒతెమాచి ఆఫీసులకి తోజాయి లైనులో నేరుగా వెళ్లొచ్చని ఎదోగావా వార్డులోని నిషికసాయిలో దిగారు. వాళ్ల వెనక బియ్యం, కందిపప్పు, చింతపండు అమ్మే కొట్లు వచ్చాయి, హోటళ్లు వచ్చాయి, మన పిల్లలకి బడులు వచ్చాయి. ఇప్పుడు కొత్తగా దిగినవాళ్లకి మొదటి రోజు రాత్రే పప్పన్నం దొరుకుతుంది. ఇది చిన్న వరం కాదు.

కానీ ఆ వరానికి ఒక మెలిక ఉంది. ఇల్లు, ఆఫీసు, ఇండియన్ కొట్టు. ఈ మూడు గుమ్మాల మధ్యే రోజులు గడిచిపోతాయి. నాలుగో గుమ్మం తొక్కాల్సిన అవసరమే రాదు. దీనికి విరుగుడుగా ఏడాదికి రెండుసార్లు పెద్ద యాత్ర పెట్టుకుంటాం: ఫుజి కొండ, క్యోటో, డిస్నీలాండ్. జీతంలో సగం ఖర్చవుతుంది, నాలుగొందల ఫోటోలు మిగులుతాయి. సోమవారం పొద్దున మళ్లీ అదే రైలు.

ప్రతి ఆదివారం మా అమ్మ ఫోన్ చేసేది. ఆ రోజుల్లో నేను "ఊరు" అన్నానంటే రాజమండ్రి అనే అర్థం. "ఊళ్లో వానలు పడుతున్నాయా? ఊరెప్పుడొస్తానో ఇంకా తెలీదమ్మా." టోక్యోకి నా నోట్లో పేరు లేదు, అది ఉత్త "ఇక్కడ". మీరు ఉంటున్న చోటుని మీరేమంటున్నారో ఒకసారి గమనించుకోండి. ఇంకా "ఇక్కడ" అనే అంటుంటే ఈ అధ్యాయం మీకోసమే.

చిన్న సాహసానికి నాలుగు షరతులు

ఆ శుక్రవారం తర్వాత మా ఇంట్లో ఒక నియమం పెట్టుకున్నాం. వారానికి ఒక చిన్న సాహసం. షరతులు నాలుగే.

ఒకటి: పొద్దున బయల్దేరితే చీకటిపడేలోగా ఇల్లు చేరాలి. 
రెండు: మనిషికి రెండువేల యెన్‌లు దాటకూడదు. 
మూడు: చూడాల్సింది ఒక్కటే ఉండాలి. రెండోది కనబడితే అది వచ్చే వారానికి. 
నాలుగు: ముక్కూమొహం తెలియని ఒక మనిషిని ఏదో ఒకటి అడగాలి.

మొదటి మూడూ ఎవరైనా చెబుతారు. మనల్ని మార్చేది నాలుగోదే. ఫోన్ ఉంటే జపాన్‌లో ఎవర్నీ ఏమీ అడక్కుండా పదేళ్లు బతికేయొచ్చు. ఏ రైలు, ఏ ప్లాట్‌ఫారం, ఎన్నో పెట్టె ఎక్కితే మెట్లకి దగ్గర, అన్నీ అదే చెబుతుంది. అందుకే పదేళ్లున్నా పరాయివాళ్లుగా మిగిలిపోతాం. మన ఊళ్లో మనకి చనువు ఎలా వచ్చిందో గుర్తు చేసుకోండి. పక్కింటికి వెళ్లి తోడు పెరుగు అడిగాం, నిచ్చెన అడిగాం, "ఈ బస్సు కోటిపల్లి వెళ్తుందాండీ" అని అడిగాం. అడిగినప్పుడల్లా ఒక దారం ముడిపడింది.

సిగ్గుగా ఉంటే కోబాన్‌తో మొదలుపెట్టండి. పేటపేటకీ ఉండే చిన్న పోలీసు గది అది. దారి చెప్పడం వాళ్లు రోజూ చేసే పనే, గోడకి పేట మ్యాపు కూడా ఉంటుంది. తెలిసిన దారినే మళ్లీ అడిగినా తప్పులేదు. మొదటి వారం నోరు పెగలడం ముఖ్యం.

మొదటి వలయం: కాళ్లు వెళ్లినంత మేర

సాహసాన్ని మూడు వలయాలుగా అనుకోండి. మొదటిది ఇంటి చుట్టూ, నడిచి వెళ్లగలిగినంత. దీన్ని అందరూ తేలిగ్గా తీసుకుంటారు. నేనూ తీసుకున్నాను. నా చెవి మెలిపెట్టి నేర్పింది చెత్త సంచి.

ఇక్కడ చెత్తకి వారాలుంటాయి. కాలే చెత్త కొన్ని రోజులు, కాలనిది ఒక రోజు, సీసాలూ డబ్బాలూ కాగితాలూ ఇంకో రోజు. చెప్పిన రోజు పొద్దున్నే చెప్పిన చోట పెట్టాలి. ఒకసారి మా సంచి తప్ప అన్నీ వెళ్లిపోయాయి. మా దానిమీద మాత్రం ఒక స్టిక్కరు. పరీక్ష తప్పిన పిల్లాడి మార్కుల కాగితంలా వీధిలో అందరికీ కనబడేలా అంటించారు. గబుక్కున లోపలికి తెచ్చేసుకుందామనుకున్నాను. నాలుగో షరతు గుర్తొచ్చి, కింది వాటాలో ఉండే యాభై ఏళ్లావిడని వచ్చీరాని జపనీస్‌లో అడిగాను: ఇదెందుకు తీసుకెళ్లలేదు?

ఆవిడ ఒక్క మాట మాట్లాడకుండా మెట్టుమీద కూర్చుని సంచిలోంచి ఒక నీళ్ల సీసా తీసింది. మూత తిప్పి ఎడమపక్క పెట్టింది. సీసాకి చుట్టిన రేపరుని చిల్లుల గీత దగ్గర గోటితో పట్టి సర్రున లాగి దాన్నీ ఎడమపక్క పెట్టింది. సీసా లోపల తొంగి చూసి, మిగిలిన రెండు చుక్కలూ మొక్కలో వంపింది. రెండు అరచేతుల మధ్య నొక్కి, కుడిపక్క పెట్టింది. తర్వాత ఇంకో సీసా నాకిచ్చింది, నువ్వు చెయ్యి అన్నట్టు. ఆరు సీసాలు అయ్యేసరికి నేను పాసయ్యాను.

సంతోషం పట్టలేక మర్నాడు నలుగురిలో ఆవిణ్ణి "ఒబాసాన్" అని పిలిచాను. అందరూ గతుక్కుమన్నారు, ఆవిడ పడీపడీ నవ్వింది. ఒబసాన్ అంటే పిన్నిగారు. ఒబాసాన్ అంటే మామ్మగారు. దీర్ఘం ఒక్కటే తేడా. గుణింతాలు తప్పు రాసి బెత్తం దెబ్బలు తిన్న జాతికి చెందిన నేను దీర్ఘం దగ్గరే బోల్తా పడ్డాను. ఇరుగుపొరుగువాళ్లని ఇంటిపేరుకి "సాన్" చేర్చి పిలవడమే ఇక్కడి మర్యాదని ఆవిడే తర్వాత చెప్పింది. మన "గారు" అన్నమాట. ఇంటిపేరు ముందు, సొంతపేరు తర్వాత అన్న పద్ధతి కూడా మనదే.

ఆ పొరపాటు ఖరీదు రెండు నిమిషాల సిగ్గు. దానికి బదులుగా దక్కింది, ఈ వీధిలో నా ముఖం గుర్తుపట్టే మొదటి మనిషి. అందుకే చెబుతున్నాను, పొరపాట్లని ప్రవేశ రుసుం అనుకోండి. కట్టనివాళ్లకి తలుపు తెరవరు.

మొదటి వలయంలో ఇంకో రెండు పనులు తప్పకుండా చేయండి. మొదటిది, సాయంత్రం ఐదింటి ప్రాంతంలో వీధిలో నిలబడి వినండి. జపాన్‌లో చాలా ఊళ్లలో ఆ వేళకి స్తంభాలమీది మైకుల్లోంచి ఒక మెత్తటి పాట వస్తుంది. ఆడుకునే పిల్లలకి ఇళ్లకు వెళ్లండర్రా అన్న పిలుపు అది. విపత్తు వచ్చినప్పుడు హెచ్చరికలు వినిపించాల్సింది ఆ మైకులే. అవి పనిచేస్తున్నాయా లేదా అన్న పరీక్ష రోజూ అలా పాటతో జరిగిపోతుంది. మా అమ్మాయికి ఇప్పుడు గడియారం అదే.

రెండోది, మీ వార్డు ప్రమాదాల మ్యాపు తెచ్చుకుని, అందులో చూపించిన ఆశ్రయ స్థలానికి ఒక ఆదివారం నడిచి వెళ్లి రండి. మా ఎదోగావా వార్డులో దాదాపు 70 శాతం నేల సముద్రపు పోటు మట్టానికి దిగువన ఉంది. 2019లో వార్డువాళ్లు వరద మ్యాపు ముద్రించి, అట్టమీద మా వార్డునే చూపిస్తూ "ఇక్కడ ఉండకూడదు" అని రాసేశారు. పెద్ద వరద వస్తుందంటే ముందుగానే వార్డు దాటి వెళ్లిపొమ్మని దాని సారాంశం. చదివి మొదట గుండె గుభేలుమంది. తర్వాత మా అరకావా నది కథ వెతికాను. 1910లో టోక్యోని ముంచెత్తిన వరద తర్వాత, నీళ్లు సముద్రంలోకి పోవడానికి దాదాపు 22 కిలోమీటర్ల పొడవున, అర కిలోమీటరు వెడల్పున మనుషులు తవ్విన కాలువ అది. 1930లో పూర్తయింది. ఆ పనిలో పెద్ద పాత్ర వహించిన ఇంజనీరు అకిరా అఒయామా అంతకుముందు పనామా కాలువ తవ్వకంలో పనిచేసి వచ్చినవాడు. ధవళేశ్వరం ఆనకట్ట కథలు వింటూ పెరిగిన నాకు ఆ నదితో వెంటనే చుట్టరికం కలిసింది. భయం పోలేదు. కాకపోతే అది తెలిసినవాళ్లని చూసి భయపడే భయంగా మారింది.

నాలుక తిరగాలంటే

అడగడానికి భాష ఎలా అని మీరు అడుగుతారు. తెలుగువాళ్లకి ఇక్కడ ఒక సౌకర్యం ఉంది. "నేను టోక్యోకి వెళ్తాను" అన్న వాక్యాన్ని జపనీస్‌లో "వతాషి వా తోక్యో ని ఇకిమాస్" అంటారు. నేను, టోక్యో, కి, వెళ్తాను. వరస ఇంచుమించు అదే. క్రియ చివరికే వస్తుంది, విభక్తి మాట వెనకే తగులుకుంటుంది. అన్నాన్నీ భోజనాన్నీ "గొహాన్" అన్న ఒకే మాటతో పిలుస్తారు, మనం "అన్నం తిన్నావా" అన్నట్టే. వాళ్ల అక్షరమాల వరస అ, క, స, త, న, హ, మ, య, ర, వ అని నడుస్తుంది. బౌద్ధంతోపాటు చేరిన సంస్కృత వర్ణమాల ప్రభావం అది.

ముందు కతకానా లిపి నేర్చుకోండి. 46 అక్షరాలు, రెండు వారాల పని. బయటి భాషల మాటలు చాలావరకు దాంట్లోనే రాస్తారు కాబట్టి హోటల్ మెనూలో సగం చదివేయగలరు. దీర్ఘాలు మాత్రం జాగ్రత్త. "బిరు" అంటే భవనం, "బీరు" అంటే బీరే.

ఇంకొకటి. ఇక్కడివాళ్లు "కాదు", "కుదరదు" అని మొహంమీద అనరు. "చొత్తో..." అని సాగదీసి ఆపేస్తారు. "కొంచెం..." అని అర్థం. చాలామంది విదేశీయులు దీన్ని తెలుసుకోవడానికి ఏళ్లు పడుతుందంటారు. అప్పు అడిగినప్పుడు "చూద్దాం లెండి" అనే జవాబు వింటూ పెరిగిన మనకి ఐదు నిమిషాలు చాలు.

మాట ఎలా కదపాలో తెలీకపోతే సినిమా ఉంది. 2022 అక్టోబరులో ఇక్కడ విడుదలైన "ఆర్.ఆర్.ఆర్." ఎంత ఆడిందంటే, 2024లో తకరజుకా అనే ప్రసిద్ధ మహిళా నాటక బృందం దాన్ని రంగస్థలం మీదికి తెచ్చింది. మీది ఏ భాష అని అడిగినప్పుడు ఆ సినిమా పేరు చెప్పి చూడండి.

రెండో వలయం: 700 యెన్‌ల ఆదివారం

టోక్యో నగరపాలక రవాణా సంస్థ ఒక రోజు పాసు అమ్ముతుంది. 700 యెన్‌లు. దాంతో తోఎయి సబ్‌వే, సిటీ బస్సులు, పాత ట్రాము రోజంతా ఎక్కొచ్చు దిగొచ్చు. ఆ ట్రాము మినోవబాషి నుంచి వసెదా దాకా 12 కిలోమీటర్లు, ఇళ్ల పెరళ్లకి ఆనుకుని నెమ్మదిగా వెళ్తుంది. దారిలో కిషిబొజిన్‌మాఎ అనే స్టాపు వస్తుంది. అక్కడ దిగండి.

కిషిబొజిన్ అంటే మన హారీతి. ఇతరుల పిల్లల్ని ఎత్తుకుపోయి తినేసే యక్షిణి. బుద్ధుడు ఆవిడ ముద్దుల చివరి బిడ్డని దాచేస్తే, కడుపుకోత అంటే ఏమిటో తెలిసొచ్చి, అప్పటినుంచి పిల్లల్ని కాపాడే తల్లి అయిందని బౌద్ధ కథ. 1664లో కట్టిన ఆవిడ గుడి చెట్ల నీడలో ఉంటుంది. కృష్ణ ఒడ్డున నాగార్జునకొండ తవ్వకాల్లో బయటపడ్డ కట్టడాల్లో హారీతి గుడి కూడా ఉంది. అక్కడ బొమ్మగా మిగిలిన తల్లి ఇక్కడ ఇంకా మొక్కులు అందుకుంటోంది.

ఇలా పేరు మార్చుకున్న మనవాళ్లని వెతకడం మా ఇంట్లో పెద్ద ఆట. సరస్వతి బెంజైతెన్ అయింది, వీణకి బదులు బివా అనే వాద్యం పట్టుకుంది. ఇంద్రుడు తైషకుతెన్, యముడు ఎన్మా. వినాయకుడి కోసం అసకుసా వెళ్లాలి.

అసకుసాలో పెద్ద ఎర్ర లాంతరు దగ్గర జనం కిటకిటలాడుతుంటారు. అక్కణ్నుంచి సుమిదా నది వెంట పది నిమిషాలు నడిస్తే చిన్న గుట్టమీద మత్సుచియామా శోదెన్ అనే గుడి. శోదెన్ అంటే గణపతి. విగ్రహం ఎవరికీ కనబడదు, తెర వెనకే ఉంటుంది. కనబడేవల్లా ముల్లంగులు. రాతిమీద చెక్కినవి, తెరలమీద అద్దినవి, దేవుడి ముందు తెల్లగా కడిగి పేర్చినవి.

మా అమ్మాయి ఆగలేకపోయింది. "నాన్నా, వినాయకుడికి ఉండ్రాళ్లు కదా, ముల్లంగా?"

ఆ రోజు అడగాల్సిన ప్రశ్న దొరికేసింది. ముల్లంగులు అమ్మే చోట ఉన్న పెద్దాయన్ని అడిగాం. ఆయన చిన్న మాటలుగా విడగొట్టి చెప్పాడు. ముల్లంగి మనిషిలోని కోపానికి గుర్తు. దాన్ని తెచ్చి దేవుడి ముందు పెట్టేస్తే ఆ విషం ఆయన తీసేసుకుంటాడు. నేను తెలుగులోకి మార్చి చెప్పగానే మా ఆవిడ నా వైపు చూసింది. "అయితే ఒకటి చాలదండీ, మీకు రెండు కొనండి."

ఒకటే కొన్నాం. వచ్చేటప్పుడు తెలిసింది, దేవుడికి పెట్టి తీసిన ముల్లంగుల్ని భక్తులు ఇంటికి పట్టుకెళ్లొచ్చని. ప్రసాదమన్నమాట. మోచెయ్యంత పొడవున్న ముల్లంగిని బిడ్డలా ఎత్తుకుని రైలెక్కాను. ఆ రాత్రి ముల్లంగి పులుసు. వినాయకుడి ప్రసాదంతో పులుసు పెట్టడం తప్పా అని అమ్మకి ఫోన్ చేస్తే, "ఆయనకి లేని పట్టింపు నీకెందుకురా" అంది.

ఈ వలయంలో గుర్తుంచుకోవాల్సినవి కొన్నే. వీధుల్లో చెత్తబుట్టలు దాదాపు ఉండవు, మీ సంచి మీరే తీసుకెళ్లండి. పులిహోర ముద్దలు పట్టుకెళ్లండి, కానీ సిటీ రైళ్లలో విప్పకండి, పార్కులో తినండి. శాకాహారులైతే "మాంసం వద్దు" అంటే సరిపోదు. కూరలోని రసం చాలాచోట్ల ఎండుచేప తురుముతో కాస్తారు. "కత్సుఒబుషి" అన్న మాట నేర్చుకుని, అది ఉందా అని అడగండి. అదీ నాలుగో షరతు కిందికే వస్తుంది.

మూడో వలయం: రైలు చివరిదాకా

నెలకి ఒకసారి చాలు. షింజుకు నుంచి కెయో లైనులో ఆఖరుదాకా వెళ్తే తకావో కొండ. ఎత్తు 599 మీటర్లు. కాళ్లనొప్పులున్న పెద్దవాళ్లు కేబుల్ కారు ఎక్కొచ్చు, పిల్లలతో ఆరో నంబరు దారిలో వాగు పక్కనే ఎక్కొచ్చు. మధ్యలో 744లో స్థాపించారని చెప్పే యకుఒఇన్ గుడి, పైన ఆకాశం తేటగా ఉంటే ఫుజి.

ఒక్కటే చూడమంటే నేను యొకొహామాలో యమషితా పార్కు చూడమంటాను. సముద్రం ఒడ్డున పూల మొక్కల మధ్య, చిన్న గుమ్మటంతో ఒక నీళ్ల మండపం ఉంటుంది. 1923 సెప్టెంబరు 1న వచ్చిన మహాభూకంపంలో యొకొహామాలో వ్యాపారాలు చేసుకునే భారతీయులూ చనిపోయారు. బతికినవాళ్లని ఊరివాళ్లు ఆదుకున్నారు. చనిపోయినవాళ్ల జ్ఞాపకంగా, ఆదుకున్నవాళ్లకి కృతజ్ఞతగా మనవాళ్లు 1939లో ఆ మండపం కట్టించి ఊరికి ఇచ్చారు. పార్కు నేల కూడా భూకంపంలో కూలిన ఇళ్ల శిథిలాలతో సముద్రాన్ని పూడ్చి చేసిందే. కంప్యూటర్ల కాలానికి ముందే, వీసా కాగితాల బెంగతో, బియ్యం బెంగతో ఇక్కడ బతికినవాళ్లు ఉన్నారు. వాళ్లు అడిగారు, వాళ్లకి దొరికింది, తిరిగి ఇచ్చారు. ఆ నీడలో పావుగంట కూర్చుంటే మన బెంగ కాస్త చిన్నదవుతుంది.

ఇంట్లో ఉండేవాళ్ల మాట

ఇప్పటిదాకా ఆఫీసుకి వెళ్లేవాడి గొంతుతో రాశాను. ఇంట్లో ఉండే మనిషికి మూడు గుమ్మాలు కూడా ఉండవు, రెండే. డిపెండెంట్ వీసామీద వచ్చినవాళ్లు అనుమతి తీసుకుంటే వారానికి 28 గంటలదాకా పనిచేయొచ్చు. చాలా వార్డుల్లో స్వచ్ఛందంగా జపనీస్ నేర్పేవాళ్లు ఉన్నారు, ఫీజు నామమాత్రం. ఇవి రెండూ మొదటి నెలలోనే కనుక్కోండి.

సాహసానికి నాయకత్వం కూడా వంతులవారీగా ఉండాలి. ఒక వారం భర్త, ఒక వారం భార్య, ఒక వారం పిల్లలు. నాయకులు చెప్పిన చోటికి మిగతావాళ్లు ఎందుకు, ఏమిటి అనకుండా వెళ్లాలి. మా అమ్మాయి వంతు వచ్చినప్పుడు స్టేషన్లలో ఉండే ముద్రలు నోటుబుక్కులో వేయించుకుంటూ నాలుగు స్టేషన్లు తిరిగాం, అంతే. మా ఆవిడ వంతు వచ్చినప్పుడు ఫోన్ ఇంట్లో పెట్టి రమ్మంది. ఆ రోజు దారి తప్పాం. ఇప్పటికీ మేం ఎక్కువ మాట్లాడుకునేది ఆ రోజు గురించే.

వాన అంటారా? జూన్, జూలైలో ముసురు పడుతుంది, సెప్టెంబరులో తుఫాన్లు వస్తాయి. తుఫాను రోజు ఇంట్లో ఉండండి. ముసురు రోజు గొడుగు పట్టుకుని మొదటి వలయం చాలు. అలసట అంటారా? మూడో షరతు మళ్లీ చదవండి. ఒక్కటే చూడాలి.

ఈ నెల అభ్యాసం

మొదటి వారం: ఆఫీసు నుంచి వచ్చేటప్పుడు ఒక స్టేషన్ ముందే దిగి నడవండి. దారిలో కనబడ్డ మూడింటి పేర్లు రాసుకోండి.

రెండో వారం: ఇంటి దగ్గర కోబాన్‌లోనో, కూరల కొట్లోనో ఒక ప్రశ్న అడగండి. జవాబు అర్థం కాకపోయినా ఫరవాలేదు, అడిగారా లేదా అన్నదే లెక్క.

మూడో వారం: ఆశ్రయ స్థలానికి కుటుంబమంతా నడిచి వెళ్లి, ఎన్ని నిమిషాలు పట్టిందో చూసి, తలుపు వెనక రాసి అంటించండి.

నాలుగో వారం: ఒక రోజు పాసు కొని ఒక్క చోటుకి వెళ్లండి. తిరిగొచ్చేటప్పుడు చేతిలో ఏదో ఒకటి ఉండాలి. ముల్లంగే కానక్కర్లేదు.

నెలాఖరున మీరు చేసిన పొరపాట్లు లెక్కపెట్టండి. నాలుగుకి తగ్గితే మీరు సరిగా తిరగలేదని అర్థం.

ఇప్పటికీ శుక్రవారాలు నేను మినామి సునామాచిలోనే దిగుతాను. గాలం వేసే పెద్దాయన తల ఊపుతాడు. బకెట్లోకి తొంగి చూసి "ఎన్ని పడ్డాయి" అని అడుగుతాను. చాలాసార్లు "చొత్తో..." అంటాడు.

మొన్న ఆదివారం మేం మూడో వలయం పెట్టుకోలేదు. పొద్దున కింది వాటా ఆవిడతో వీధి శుభ్రం చేశాం, సాయంత్రం గట్టుమీద కూర్చున్నాం. ఐదింటి పాట అయ్యాక అమ్మ ఫోన్ చేసింది.

"ఏరా నాన్నా, సెలవు రోజు కదా, ఎక్కడికీ వెళ్లలేదా?"

"లేదమ్మా, ఊళ్లోనే ఉన్నాం," అన్నాను.

అవతల ఒక్క క్షణం చప్పుడు లేదు. తర్వాత అమ్మ అడిగింది: "ఏ ఊళ్లోరా?"